పర్మిషన్ లేని పైగది

ఆయన్ని అందరూ మట్టం మేస్త్రి అంటారు. జేబులో జానెడు రసమట్టం లేనిదే ఆయన పక్కింటికి కూడా వెళ్ళడు. ఎవరైనా కాఫీ ఇస్తే, కప్పు అందుకునే ముందు బల్ల వాలుగా ఉందేమో చూస్తాడు. ఉంటే చెప్పేదాకా ఆయనకి కాఫీ దిగదు. గోడ మీద అరచెయ్యి ఆనించి లోపల ఇటుక నానిందో లేదో చెప్పగలడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇళ్ళు కడుతున్న అలాంటి మనిషిని యాభై ఏడో ఏట పరీక్ష రాయమన్నారు. పోనీ ఆ పరీక్షయినా కట్టడం గురించా అంటే, కాదు. కట్టడాల చట్టం గురించి.

సంగతేమిటంటే, ఇన్నాళ్ళూ ఆయన కట్టిన ప్రతి ఇంటికీ కాగితాల మీద బాధ్యుడు ఒక ఇంజినీరు. మంచాయనే. సైటుకి వచ్చి, నీడ చూసుకుని నిలబడి, నువ్వున్నావుగా మేస్త్రీ అనేసి, సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడాయన పని మానుకుంటున్నాడు. దానికి తోడు కొత్త నిబంధన ఒకటి వచ్చింది. జనవరి నుంచి లైసెన్సు ఉన్నవాడి పేరు మీదే పని జరగాలి. ఆ లైసెన్సు కావాలంటే అనుమతులు, తనిఖీలు, నోటీసుల మీద పెట్టే పరీక్ష గట్టెక్కాలి. ఈలోగా ఉన్నది ఒక్కటే పరీక్ష, అదీ పది వారాల్లో. అది తప్పితే మేస్త్రి తన కింద పనిచేసే తొమ్మిది మందినీ వెంటేసుకుని, నిన్నగాక మొన్న లైసెన్సు తెచ్చుకున్న వాడెవడి కిందో చేరాలి. ఆ మాట తలచుకుంటే చాలు, ఆయనకి అన్నం సయించేది కాదు.

అదృష్టం కొద్దీ గురువు ఇంట్లోనే ఉంది. కోడలు భవన అనుమతుల ఆఫీసులో రెండో నంబరు కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఫైళ్ళు తీసుకోవడం, లోపాలుంటే తిప్పి పంపడం ఆమె ఉద్యోగం. పెళ్ళికి ముందు మేస్త్రి తెచ్చిన ఫైళ్ళు ఎన్నింటిని వెనక్కి పంపిందో! ఆ కిటికీ పిల్ల నా ప్రాణం తోడేస్తోందని ఆయన ఇంటికొచ్చి భార్య దగ్గర మొత్తుకునేవాడు. చివరికి కొడుకు ప్రేమించానని చెప్పి ఆ కిటికీ పిల్లనే తీసుకొచ్చి హాల్లో కూర్చోబెట్టాడు. ఆ రోజు నవ్వడం మొదలుపెట్టిన మేస్త్రి భార్య ఇప్పటికీ ఆపలేదు.

పాఠాలు పొద్దున్నే ఐదున్నర నుంచి ఏడింటి దాకా, వంటింటి బల్ల దగ్గర. పరీక్షలో పుస్తకం చూసి రాయొచ్చు, కానీ అందులో విడి కాగితం ఒక్కటి కూడా ఉండకూడదని రూలు. తలగడంత పుస్తకంలో కావలసిన పేజీ దొరకాలి కదా! మేస్త్రి ఎలక్ట్రీషియన్లు వాడే రంగుల టేపు తెచ్చి పేజీల అంచులకి అంటించాడు. అనుమతులకి ఎరుపు, తనిఖీలకి నీలం, నోటీసులకి పసుపు. కొద్దిరోజులకి ఆ పుస్తకం చిలకలా తయారైంది.

చిలక తయారైంది గానీ పలుకులే రాలేదు. మొదటి మాదిరి పరీక్షలో నూటికి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. కావలసింది డెబ్బై. పునాది గుంట సిద్ధంగా ఉంది, తనిఖీ ఇంకా జరగలేదు, వాన వచ్చేలా ఉంది, ఏం చేయాలి అన్నది ఒక ప్రశ్న. కాంక్రీటు పోసెయ్యాలని రాశాడు మేస్త్రి. గుంట మీద టార్పాలిన్ కప్పి, ఇన్‌స్పెక్టరుకి కబురు పెట్టి, ఆగాలన్నది పుస్తకంలో ఉన్న జవాబు. కోడలు ఎర్ర పెన్నుతో కొట్టేసేసరికి ఆయనకి ఒళ్ళు మండింది. మీ ఇన్‌స్పెక్టరు భోంచేసి వచ్చేదాకా వాన ఆగుతుందా అని దెబ్బలాడాడు. మంటలు రేగితే పడకగది కిటికీలోంచి మనిషి బయటికి రాగలగాలన్న నిబంధన చదివి, తలుపుండగా కిటికీలోంచి దూరడం దొంగల పద్ధతని తేల్చేశాడు. ఇక కప్పేసిన పనిని పగలగొట్టి చూపించమని నోటీసు ఇవ్వొచ్చన్న పేజీ దగ్గర పుస్తకం మూసేసి, చెప్పులేసుకుని బయటికే వెళ్ళిపోయాడు.

కూరగాయలు తరుగుతూ ఇదంతా వింటున్న భార్యకి మాత్రం మొత్తం కంఠతా వచ్చేసింది. ఏ నోటీసుకి ఎన్ని రోజుల గడువో ఆయన పేజీలు తిప్పేలోపు ఆవిడ వంకాయ ముక్కలు నీళ్ళలో వేస్తూ చెప్పేసేది. ఆవిణ్ణే పంపించు పరీక్షకి అని ఆయన ముఖం ముడుచుకునేవాడు.

కోడలు పది రోజులు ఓపిక పట్టింది. పదకొండో రోజు పెన్ను పక్కన పెట్టి ఒకే మాట అంది.

"మామయ్యగారూ, మీరు ప్రతి ప్రశ్నకీ మట్టం మేస్త్రి ఏం చేస్తాడో రాస్తున్నారు. మట్టం మేస్త్రి పోస్తే కాంక్రీటు బాగానే ఉంటుంది. కానీ ఈ పుస్తకం మీ కోసం రాసింది కాదు. మీలా కట్టని వాళ్ళ ఇళ్ళల్లో పడుకునే వాళ్ళ కోసం రాసింది."

చేతికొచ్చినట్టు కట్టేవాళ్ళు పోసిన పునాదులు, లేపిన గోడలు మేస్త్రి చూడనివా? మర్నాటి నుంచి జవాబులు దారిన పడ్డాయి. ముప్ఫై ఎనిమిది యాభై ఐదైంది, వారం తిరిగేసరికి అరవై ఆరైంది. భార్యని కూడా ఒకసారి ఓడించి, ఆ ఆనందంలో ఆ పూట వంకాయలు ఆయనే తరిగాడు.

అంతా సాఫీగా నడుస్తుండగా దరఖాస్తు నింపే రోజు వచ్చింది. కోడలు చదువుతోంది, మేస్త్రి తన గుండ్రటి అక్షరాలతో నింపుతున్నాడు. ఆఖరి పేజీలో ఒక ప్రకటన ఉంది. అనుమతి లేని కట్టడం ఏదీ నా పేరున లేదు అని రాసి, కింద సంతకానికి చోటు వదిలారు. అక్కడ మేస్త్రి పెన్ను ఆగిపోయింది.

గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. మేస్త్రికి తెలుసు, అదే చిక్కు. ఇంటి డాబా మీద సగం మేర ఒక గది ఉంది. మూడేళ్ళ క్రితం కొడుకు పెళ్ళికి నలభై రోజులే వ్యవధి ఉంటే, పర్మిషనుకి తిరిగే తీరిక లేక, నా ఇల్లు, నా చెయ్యి, ఎవడడుగుతాడని లేపేశాడు. కొడుకూ కోడలూ ఉంటున్నది ఆ గదిలోనే.

"అమ్మాయ్," అన్నాడు తల ఎత్తకుండా, "పైగదికి పర్మిషన్ లేదు."

"తెలుసు మామయ్యగారూ."

"ఎలా తెలుసు?"

"పెళ్ళయిన వారానికి మన ఇంటి ఫైలు తీసి చూశాను. అందులో డాబా మీద ఆకాశమే ఉంది."

"మరి మూడేళ్ళూ నోరు మెదపలేదేం?"

"కొత్త కోడల్ని. మీరు నా కోసం కట్టిన గది అక్రమ కట్టడమని ఏ నోటితో చెప్పను?"

మేస్త్రి భార్య చేతిలో చాకు ఆపేసి కోడలి వంక చూసింది. ఆఫీసులో ఊరందరి లోపాలూ ఏరే పిల్ల, ఇంటికొచ్చి రోజూ ఆ మెట్లెక్కి ఆ గదిలో పడుకుంటూ ఎంత నలిగిపోయిందో అప్పుడు తెలిసొచ్చింది ఆవిడకి. లేచి వెళ్ళి కోడలి తల నిమిరింది.

బస్సు డ్యూటీకి బయల్దేరుతున్న కొడుకు గుమ్మంలో నిలబడి, సంతకం పడెయ్ నాన్నా, డాబా ఎక్కి ఎవరు చూడొచ్చారు అని తేలిగ్గా అనేసి పోయాడు. నిజానికి ఎవరూ చూడరు. కానీ గదికి ఇప్పుడు అనుమతి కోసం ఫైలు పెడితే మామూలుగా ఏడు వారాలు పడుతుంది, దరఖాస్తుకి గడువు ఆరు వారాలే. అబద్ధం రాస్తే పరీక్ష, నిజం రాస్తే తొమ్మిది మందితో సహా ఇంకొకడి పంచన. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ సాయంత్రం మేస్త్రి పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేరుగా కోడలి దగ్గరికి వెళ్ళాడు.

"బాధ్యుడిగా సంతకం పెట్టడానికే కదా ఈ పరీక్ష. దానికి పెట్టే మొదటి సంతకమే దొంగదైతే ఎందుకమ్మా ఇది? రేపు ఫైలు పెడతాను. కుదిరితే కుదురుతుంది, లేకపోతే లేదు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు అని గొణిగింది భార్య, కానీ ఆవిడ గొంతులో గర్వం దాగలేదు.

మర్నాడు మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, రెండో కిటికీ ముందు గంటన్నర నిలబడ్డాడు. తన వంతు వచ్చింది. కోడలు ఫైలు పై పేరు చూసి, మర్యాదగా వెనక్కి నెట్టింది. సొంతవాళ్ళ ఫైలు తను చూడకూడదట, నాలుగో కిటికీకి వెళ్ళాలట. పొద్దున్న కాఫీ ఇచ్చినప్పుడు చెప్పకూడదా అని అడగబోయి, వెనక ఇరవై మంది ఉన్నారని గుర్తొచ్చి, కుక్కిన పేనులా వెళ్ళి ఇంకో వరసలో నిలబడ్డాడు. నాలుగో కిటికీ ఆయన మెట్ల కొలతలు లేవని ఫైలు తిప్పి పంపాడు. మూడోసారికి తీసుకున్నాడు. ఆలస్య రుసుము కూడా కట్టించుకున్నాడు. మేస్త్రి దాన్ని కిక్కురుమనకుండా కట్టాడు.

నాలుగో వారంలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎవరనుకున్నారు? ఇరవై ఏళ్ళుగా సైటు సైటుకీ మేస్త్రితో కయ్యమాడిన మనిషే. గది చుట్టూ తిరిగి, పెన్సిలుతో మూడు చోట్ల గుర్తులు పెట్టి, తెరిచి చూపించమన్నాడు. తను నునుపు చేసిన ప్లాస్టరింగు మీద మేస్త్రి తనే సుత్తి వేశాడు. ఒక్కో దెబ్బకీ ఆయన ముఖం చూడాలి, పంటి నొప్పి వచ్చినవాడిలా ఉంది. పెచ్చులు రాలాయి, ఇనుము బయటపడింది. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి చూశాడు. టేపు పెట్టి చూశాడు. మళ్ళీ టార్చి వేశాడు.

"ఇంత ఇనుము ఎందుకు వేశావయ్యా? దీని మీద ఇంకో రెండంతస్తులు లేపొచ్చు."

"మా పిల్లలు పడుకునే గదండీ," అన్నాడు మేస్త్రి.

ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని కిటికీ వైపు తిరిగేలోపే మేస్త్రి అడ్డొచ్చాడు. కొలవక్కర్లేదండీ, అది చిన్నది, అందులోంచి మనిషి పట్టడు, కొత్త జంట కదా, పక్క డాబా వాళ్ళకి కనబడకూడదని చిన్నది పెట్టాను, పెద్దది చేస్తాను అని తనే గబగబా చెప్పేశాడు. ఇన్‌స్పెక్టరు ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన భుజం తట్టాడు. వారం గడువిచ్చాడు.

మేస్త్రి మూడు రోజుల్లోనే కిటికీ పెద్దది చేశాడు. రెండో తనిఖీ రోజున టేపు తీయబోతున్న ఇన్‌స్పెక్టరుని ఆగమంది మేస్త్రి భార్య. ఇంట్లో అందరికంటే భారీ మనిషిని నేనే, నేను పడితే ఎవరైనా పడతారంటూ కొంగు నడుముకి దోపి, కిటికీలోంచి ఒక కాలు వేసి, ఆ తరవాత మిగతా మనిషిని వేసి, డాబా మీదకి దిగి, చుట్టూ తిరిగి తలుపులోంచి లోపలికి వచ్చింది. కోడలు పొట్ట పట్టుకుని నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయింది. ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకుంటూ, సరిపోయింది అని రాసుకున్నాడు.

పైగది కాగితం గడువు ముగిసే రోజు మధ్యాహ్నం మూడింటికి చేతికొచ్చింది. దరఖాస్తుల కిటికీ నాలుగింటికి మూస్తారు. మేస్త్రి అక్కడికక్కడే, గోడకి కాగితం ఆనించి, ఆ ప్రకటన కింద సంతకం పెట్టాడు.

ఆ తరవాత పరీక్షకి భయపడలేదా అంటే, భయపడ్డాడు, ఎందుకు భయపడడు! హాల్లో అందరూ ఆయన కొడుకు ఈడు వాళ్ళు. పర్యవేక్షకుడు ఆయన పుస్తకం తిప్పి, తిప్పి, టేపుల మధ్య ఎక్కడైనా చీటీ ఉందేమోనని దులిపి మరీ చూశాడు. కంప్యూటరు మీద నూరు ప్రశ్నలు, మూడు గంటలు. కొన్ని చోట్ల చెయ్యి పాత అలవాటు కొద్దీ తప్పు జవాబు వైపే వెళ్ళింది. ఆయన దాన్ని వెనక్కి లాగి, పేజీ తీసి, వేలు పెట్టి చదివి, అప్పుడు గుర్తు పెట్టాడు. ఆఖరి ప్రశ్న అయ్యేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

ఫలితం అక్కడే తెర మీద వస్తుంది. సెలవు పెట్టి గేటు దగ్గర కాచుకున్న కోడలికి మామగారి ముఖంలో ఏమీ కనబడలేదు. దగ్గరికొచ్చాక, ఎనభై మూడు అన్నాడు మెల్లగా, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. ఆ పిల్ల నడిరోడ్డు మీద చప్పట్లు కొట్టింది.

ఇంటికి చేరేసరికి తొమ్మిది మంది పనివాళ్ళూ వరండాలో ఉన్నారు. కబురు వినగానే ఒకరి మీద ఒకరు పడి అరిచారు. ఆ గోల సద్దుమణిగాక భార్య మంచినీళ్ళిచ్చి, అయితే ఇప్పుడు ఏం మారుతుందంట, పొద్దున్న లేస్తే ఆ తాపీ, ఆ సిమెంటే కదా అంది.

"మారకపోవడమేంటే! ఇన్నాళ్ళూ నేను కట్టిన గోడ కూలితే ఇంజినీరు గారిని పట్టుకునేవాళ్ళు. ఇక నుంచి నన్నే పట్టుకుంటారు."

"పట్టుకుంటారని ఇంత సంబరమా?"

మేస్త్రి నవ్వబోయాడు గానీ, కళ్ళు తడయ్యాయి, గ్లాసు కింద పెట్టేశాడు.

"కట్టింది నేను కదే. నన్నే అడగాలి."