పంటు మీంచి చూసిన ఎరుపు

గోదావరి వాళ్ల మర్యాదంటే వడ్డించి వడ్డించి మనిషిని విస్తరి ముందు నుంచి లేవనివ్వకపోవడమని అందరూ చెప్తారు. అది తిండి సంగతి. అసలు మర్యాద నాకు నరసాపురం రేవులో, పంటు అనే పెద్ద పడవ మీద గోదావరి దాటుతుండగా తగిలింది.

అప్పుడే పొద్దు గూకింది. పక్కన నల్ల కళ్లద్దాలతో నిలబడ్డ రిటైర్డ్ టీచరమ్మ, "కంటి ఆపరేషనైందండి. కాస్త ఉత్తరం వైపు ఆకాశం చూసిపెడతారా?" అన్నారు. ధ్రువాల దగ్గర ఆకాశంలో వెలిగే అరోరా ఎక్కడెక్కడ కనిపించిందో పరిశోధకులు ఒక యాప్‌లో మామూలు జనాన్నే అడుగుతారట. ఈవిడ రోజూ "కనిపించలేదు" అని పంపుతారట.

"మాది కర్నూలు. ఈ ఊరు కొత్తయినా అది ఇక్కడ కనిపించదని నాకే తెలుసు. ఎందుకండీ ఈ చాకిరీ?" అన్నాను.

"అడిగారు కదండీ. పలక్కపోతే ఏం బాగుంటుందండి? పైగా ఆమధ్య లడఖ్‌లో ఎర్రగా కనపడిందంటండి."

వాదన ఆపి చూశాను. ఉత్తరాన కొబ్బరిచెట్ల పైన నిజంగానే ఎరుపు.

"ఎర్రగా ఉందండి. ఇటుక బట్టీ ఏమో."

"ఏమో అని పంపకూడదండి. బట్టీయా, కాదా?"

కళ్లు చికిలించి మళ్లీ చూశాను; ఏదీ తేలలేదు. ఇంతలో పంటు ఒడ్డుకు తగిలింది. ఆవిడ ఏమీ పంపకుండానే ఫోన్ సంచిలో వేసుకున్నారు.

"ఇన్నాళ్లలో పలకని రోజు ఇదేనండి. తెలియకుండా కనిపించలేదని ఎలా చెప్తాం? రేపు బట్టీ దగ్గరకెళ్లి కనుక్కుంటాను."

ఆవిడ పేరైనా అడక్కుండా బస్సెక్కేశాను. ఇంతకీ ఆ సాయంత్రం బట్టీ వెలుగుతోందా, లేదా?