బైరాగి పెట్టిన బడి

బైరాగి బెంగాల్లో గార్డెన్ రీచ్ ఓడల డాక్‌లో ఖలాసీ. చదివింది ఐదో తరగతి. భార్య జగ్గమ్మ పోయాక మిగిలింది కూతురు సన్యాసమ్మ ఒక్కతే. మా గల్లీ తెలుగు బడిలో ఐదుతో చదువు సరి. ఆపైన బెంగాలీ బడికి పంపమంటే, పిల్ల బెంగాలీదైపోతుందని ససేమిరా అన్నాడు. మన చదువు నేనే చెప్పుకుంటానని ఇంట్లోనే బడి పెట్టాడు.

ఎండాకాలం సెలవులకు మా సొంతూరు పలాస వెళ్ళేవాణ్ణి నేను. జూన్‌లో తిరిగొచ్చేటప్పుడు పుస్తకాలు తెమ్మనేవాడు. మొదటి ఏడు ఆరో తరగతివి తెచ్చాను. అట్టలేసి, మూలలకు పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టాడు. వారం తిరక్కుండా లెక్కల పుస్తకం మూసేశాడు. అతనికి అర్థం కాలేదు. మరుసటి జూన్‌కు నన్ను పక్కకు పిలిచి ఐదోవే తెమ్మన్నాడు. తరగతి అచ్చేసిన మొదటి పేజీ చింపేసి క్యాలెండరు కాగితంతో అట్టవేశాడు. పైతరగతిలోనూ ఇవే పాఠాలు, ఇంకా గట్టిగా చదవాలి అని పిల్లకు చెప్పాడు. ఆ పైఏడూ అంతే. మళ్ళీ పసుపు, మళ్ళీ కొబ్బరికాయ. నాకు ఒళ్ళు మండేది, అయినా తెచ్చిపెట్టేవాణ్ణి.

పిల్లకు పాఠాలన్నీ కంఠతా వచ్చేశాయి. బైరాగి పొంగిపోయి టీకొట్టు దగ్గర అందరికీ చెప్పేవాడు.

"నా కూతురు పుస్తకం ఇప్పకుండానే అప్పజెప్పేస్తాది."

ఎనభై ఏడు డిసెంబరులో బెంగాలీ బడి టీచరమ్మ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. పిల్లకు పదమూడేళ్ళు, ఈ జనవరిలో చేరిస్తే అక్షరాలతో సహా తానే నేర్పుతానంది. వచ్చే ఏటికి వయసు మీరిపోతుంది, ఇక ఎవరూ చేర్చుకోరని కూడా చెప్పింది. నేనక్కడే ఉన్నాను. చివరికి బైరాగి కూతుర్నే అడిగాడు.

"నువ్వు సెప్పమ్మీ. ఆ బడికెల్తావా, మన సదువు సదువుతావా?"

సన్యాసమ్మ టీచరమ్మ చేతిలోని రిజిస్టరు వంక చాలాసేపు చూసింది. మన చదువే అంది. బైరాగి నా వైపు గెలిచినవాడిలా చూశాడు. ఆ చూపుకి నాకు అసహ్యం వేసింది.

టీచరమ్మ వెళ్ళిపోయింది, బైరాగి డ్యూటీకి వెళ్ళాడు. నేను లేవబోతుంటే పిల్ల గుమ్మం దాకా వచ్చి, మెల్లగా అంది.

"మావా, వచ్చే యేడు కూడా ఐదే తే. ఆరోది అయ్యకి రాదు."

నేను పదో తరగతి ప్యాసైనవాణ్ణి. ఆరో తరగతి లెక్కలు నేను చెబుతానని ఆ గుమ్మంలో నిలబడి కూడా అనలేదు. సరేనన్నాను. జూన్‌లో మళ్ళీ ఐదే తెచ్చాను.