ఆల్టో వరుసలో చివరి చోటు

పటాన్‌చెరులో మా చర్చి గాయక బృందం శనివారం సాయంత్రాలు సాధన చేస్తుంది. గాలి రసాయన ఫ్యాక్టరీలున్న గడ్డపోతారం వైపు నుంచి వీచిన రోజు కిటికీలు మూసి పాడతాం. ముప్పై ఒక్క ఏళ్లుగా నేనక్కడ ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు. హంగేరీలో పది రోజుల బృందగాన శిక్షణకు నన్నూ, తననూ పిలిచారని మా గాన మాస్టరు చెబితే ముందు ఆ పిలుపునే నమ్మలేదు. గల్ఫ్ పంపిస్తామని పాస్‌పోర్టులు తీసుకుని మాయమైన ఏజెంట్లను మా వైపు చాలామందిని చూశాం. మాస్టరు మంచివాడే. అయినా పాస్‌పోర్టు ఆయన చేతికివ్వలేదు. వీసా ఆఫీసుకు నేనే పట్టుకెళ్లాను.

నా పక్కనే పాడే మా వదిన ఊరుకోలేదు.

"అరవై ఎనిమిదేండ్ల ముసల్దాన్ని పాటకు పిలుస్తరా ఒదినె? కిడ్నీల కోసమేమో, జెర సూస్కో."

"నీయి అడగలే గదా, సంతోషపడు," అన్నాను.

హంగేరీలో మాకు నేర్పే ఆవిడ నా ఈడుదే. చేతికి గడియారం లేదు. ముప్పై నాలుగేళ్లు బడిలో గంట ప్రకారం లెక్కలు చెప్పినదాన్ని, గడియారం పెట్టుకోని మాస్టర్లను నమ్మను. మొదటి రోజు నన్ను ఆల్టోల మధ్యలో నిలబెట్టింది. రెండో రోజు పాట చివర రెండుసార్లు ఆపింది. రెండుసార్లూ నావైపే చూసింది. మూడో రోజు నవ్వుతూ నా భుజం పట్టుకుని వరుస చివరికి, గోడ పక్కకు జరిపింది. ఆ హాల్లో చీర కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ నవ్వుకు అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదనుకున్నాను.

టీ వేళ ఆవిడ మాస్టరుతో ఏదో గుసగుసలాడింది. ఇద్దరూ నన్ను చూశారు. ఆయన తల ఊపి, నా దగ్గరికొచ్చి, "బిస్కెట్లు తింటరా అమ్మా?" అని అడిగి వెళ్లిపోయాడు. ఐదో రోజూ అంతే. ముగింపు కచేరీలో ఎవరెవరు పాడతారో మర్నాడు చెబుతామన్నారు. కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టడానికి నేను అంత దూరం పోలేదు.

ఆ సాయంత్రం మాస్టరును మెట్ల దగ్గర ఆపాను.

"నిజం చెప్పు. నన్ను తీసేస్తున్నరా?"

"అయ్యో, తీసేసుడు కాదమ్మా." ఆయన గోడకేసి చూశాడు. "కొంగు..."

"కొంగుకేమైంది?"

"మీ చెవులు మూస్కపోతున్నయట. పక్కోళ్ల గొంతు మీకు ఇనవడ్తలేదట. మూడు దినాల సంది ఆమె నన్ను చెప్పమంటున్నది. నెత్తి మీది కొంగు సంగతి నేనెట్ల చెప్త? రేపు నన్ను చర్చిల నిలవడనిస్తరా మీరు?"

కీర్తన ఎత్తుకుంటే నెత్తిన కొంగు వేసుకోవడం మాకు మర్యాద. పైగా అక్కడి చలికి రెండు మడతలు వేసి చెవుల మీదుగా గట్టిగా బిగించుకునేదాన్ని. అయినా ఆయన మాట నమ్మలేదు. పంపించాలనుకున్నవాళ్లకు సాకు దొరకదా?

గదికి వెళ్లి, ఆ రోజు సాధనలో నేను పాడకుండా వింటూ రికార్డు చేసుకున్న పాటను ఫోన్‌లో పెట్టి, ఫోన్ కుర్చీలో ఉంచి, కొంగు బిగించుకుని కళ్లు మూసుకుని దానితో పాటు పాడాను. కళ్లు తెరిచేసరికి ఫోన్ ఎప్పుడో ఆగిపోయింది. నేనింకా చివరి స్వరం లాగుతూనే ఉన్నాను. మళ్లీ పాడాను. మళ్లీ అంతే. మూడోసారి కొంగు చెవుల వెనక్కి నెట్టి పాడాను. వాళ్లూ నేనూ ఒక్కసారే ఆగాం.

ఆవిడ ఆ మాట నాతోనే అనవచ్చు కదా అని కోపం వచ్చింది. అన్నా నేను ఊరుకునేదాన్ని కాదులే.

పొద్దున కొంగును నెత్తినే ఉంచి, చెవుల వెనక రెండు పక్కలా పిన్నీసులు పెట్టుకున్నాను. మొదటి పాట అయ్యాక ఆవిడ నా దగ్గరికొచ్చింది. నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లి మళ్లీ మధ్యలో నిలబెట్టింది. కచేరీలో పాడేవాళ్లలో నా పేరూ చెప్పింది.

అప్పుడు మొదటిసారి నా పక్కనున్నామె గొంతు విన్నాను. రెండో చరణంలో ఆమె శ్రుతి కొంచెం దిగుతోంది. అందరూ నన్నే చూస్తున్న ఐదు రోజులూ ఇది ఎవరికీ వినబడలేదా? చెబుదామా వద్దా అని ఆలోచించి, కచేరీ అయ్యేదాకా ఊరుకున్నాను.