రాయి నిలబెట్టకముందు

భూములు కొలిచే సర్కారు అమీను గొలుసు పట్టించుకుని కొండెక్కిన రోజున కుంతి పొలంలో నడుమెత్తు గడ్డి ఉంది. అటూ ఇటూ మడుల్లో వరి పండి వాలిపోయింది. మధ్యలో ఆమె నాలుగు మడులు మాత్రం దిక్కులేనివాటిలా పడి ఉన్నాయి. కొలతకు వచ్చిన మనిషి కంట ముందుగా పడ్డవి అవే.

పద్మపూర్ సంత నుంచి కాలిబాట పట్టి రెండు గెడ్డలు దాటితే జొల్లసింగి వస్తుంది. పాతిక గడపల సవర గూడెం. గూడెం కింద కొండవాలు మెట్లు మెట్లుగా దిగుతుంది. మెట్టు మెట్టుకీ రాతి గోడ, గోడ వెనక మడి. గోడల్లో సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చడమే. పై మడి నిండాక నీరు కింది మడిలోకి జారుతుంది. కుంతి మడుల గోడలు ఆమె మొగుడి తాత కట్టినవి. వానాకాలం వచ్చిందంటే ఎక్కడో ఒకచోట నాలుగు రాళ్ళు జారతాయి. వాటిని ఏరి మళ్ళీ పేర్చడం ఆ ఇంటివాళ్ళ పని.

ఒడిశా వేరే రాష్ట్రమైందనీ కోరాపుట్ కొత్త జిల్లా అయిందనీ కింద ఊళ్ళలో దండోరా వేసిన ఏడు కుంతి ఆ గూడేనికి కోడలిగా వచ్చింది. అది 1936. ఆమెకు ఆ అంకె తెలియదు. ఏ రాష్ట్రమైనా జొల్లసింగి దాకా వచ్చేది నాగలి పన్ను వసూలు చేసే మనిషి ఒక్కడే. నాగలికింతని తీసుకుపోయేవాడు. తర్వాత జమీందారీ రద్దయిందన్నారు. పన్నుకు వచ్చే మనిషి మారాడు, పన్ను మాత్రం మారలేదు. లక్ష్మణుడు ఏ ఏడూ ఎగ్గొట్టలేదు. ఏ ఏడూ రసీదు అడగలేదు.

లక్ష్మణుడు కుంతి మొగుడు. కన్న పిల్లలిద్దరూ పసితనంలోనే పోయారు. గురువులు అనే మరిది అస్సాం తేయాకు తోటలకు వెళ్ళి తిరిగి రాలేదు. మిగిలింది ఇద్దరే. అతను దున్నేవాడు, ఆమె నాటేది, గోడకు రాళ్ళు ఇద్దరూ మోసేవారు. 1958 వానల్లో లక్ష్మణుడికి చలిజ్వరం వచ్చింది. నాట్లు అయ్యేలోపల పోయాడు.

మనిషిని కాల్చినంత మాత్రాన ఆ గూడెంలో చావు పూర్తికాదు. పోయినవాడి పేర రాళ్ళగుట్టలో ఒక నిలువురాయి పాతాలి, దున్నపోతును కొట్టాలి, గూడెమంతటికీ అన్నం పెట్టాలి. అప్పుడు గాని వాడు పెద్దల్లో కలవడు. అందాకా ఇంటి చుట్టూ, పొలం చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. వాడు దున్నిన పొలం వాడిదే. అందులో ఇంకొకరి నాగలి దిగకూడదు. వెనకటికి ఒకడు ఆగలేక తండ్రి మడిని దున్నాడు. ఆ ఏడే అతని ఇద్దరు పిల్లలూ పోయారు. ఎందుకు పోయారన్న దానిమీద గూడెంలో ఎవరికీ అనుమానం లేదు.

దున్నపోతు కుంతికి అందలేదు. కొండ మీద పోడులో చోళ్ళు, కందులు, పసుపు పండించుకుని, చింతపండు రాల్చి అమ్ముకుని బతికింది. రోజూ పొద్దున గట్టు దాకా వెళ్ళి ఆకులో ఇంత అంబలి పోసి వచ్చేది. లోపల అడుగు పెట్టేది కాదు. ఇలా రెండు పంటలు పోయాయి. మూడో పంటకు అమీను వచ్చాడు.

అతనికి సవర భాష రాదు. మాట కలపడానికి కింద ఊరి రైతు గున్నయ్యను వెంట తెచ్చుకున్నాడు. గున్నయ్య తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పద్మపూర్ దగ్గర స్థిరపడ్డారు. ఉప్పు, ఎండుచేపలు ఇచ్చి కొండసరుకు కొనే ఇల్లు. సవర భాష అతనికి తల్లిభాషతో సమానం. కుంతి దగ్గర చింతపండు కొనేది కూడా అతనే.

"ఈ గడ్డి ఎవరిది?" అన్నాడు అమీను.

గున్నయ్య కుంతి వైపు తిరిగాడు. "అమ్మీ, ఈ బూమి ఎవుల్దని అడుగుతన్నారు. నాదని సెప్పీ. ఒక్క మాట."

"మా ఇంటాయనది."

"ఆయన పోయేడు కదే."

"రాయి నిలబెట్టలేదు గదా బావూ. ఇక్కడే ఉన్నాడు."

గున్నయ్య తల గోక్కున్నాడు. "ఏమంటుంది?" అన్నాడు అమీను.

"మొగుడిదంటంది బాబూ."

"పిలవమను."

"సచ్చిపోయేడు."

"చచ్చినవాడు సంతకం పెడతాడా?"

"ఏలిముద్ర కూడా ఎయ్యడు బాబూ," అన్నాడు గున్నయ్య. గొలుసు పట్టినవాళ్ళు నవ్వారు. అమీను కూడా నవ్వాడు.

అతను చెడ్డవాడు కాదు. ఎండలో కొండెక్కి వచ్చి కూడా ఇంకోసారి అడిగాడు. ఈమె వారసురాలే కదా, తనదని చెప్పమను, రాసుకుంటాను అన్నాడు. గున్నయ్య గొంతు తగ్గించాడు. "అమ్మీ, ఆళ్ళు పుణ్యానికి రాత్తామంటన్నారు. నాదను. తరవాత నీ ఇంటాయనకి నువ్వు సెప్పుకో."

కుంతి గట్టు మీద నిలబడి గడ్డి వైపు చూసింది. లక్ష్మణుడు వినేంత దూరంలోనే ఉన్నాడు. అతను వింటూ ఉండగా నాదనడం, పడుకున్న మనిషి మీది దుప్పటి లాక్కోవడం ఆమెకు ఒకటే.

"నాది కాదు. ఆయనిచ్చేక నాదవుద్ది."

గున్నయ్య ఆ మాటను ఉన్నదున్నట్టు ఒడియాలో చెప్పాడు. అమీను గూడెం పెద్దను పిలిచి అడిగాడు. పెద్ద కూడా లక్ష్మణుడిదే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడడం అమీను తన ఉద్యోగంలో ఎన్నిసార్లు చూశాడో తెలియదు. ఇక్కడ నిలబడ్డారు, చచ్చినవాడి తరఫున. సాగు కళ్ళకు కనబడాలని నియమం. అతనికి కనబడింది గడ్డి. సర్కారు బంజరని రాసుకుని పక్క మడికి వెళ్ళిపోయాడు. మీద పోడు కొండ ఎటూ సర్కారుదే. చివర్లో రాళ్ళగుట్ట దగ్గర ఆగి, ఇవి ఎందుకు పాతారని అడిగాడు. గున్నయ్య చెప్పాడు. దాన్ని కూడా సర్కారు భూమిలోనే కలిపాడు, సాగుకు పనికిరానిదని.

మరుసటేడు మాఘానికి గాని కుంతికి దున్నపోతు దొరకలేదు. రెండేళ్ళ పసుపు పంట, తల్లి ఇచ్చిన ఇత్తడి కడియాలు సంతలో ఇచ్చేసి తోలుకొచ్చింది. రాళ్ళగుట్టలో లక్ష్మణుడి రాయి నిలబెట్టారు. చచ్చినవాళ్ళతో మాట్లాడే ఎజ్జోడికి పూనకం వచ్చింది. అతని నోటి వెంట లక్ష్మణుడు వచ్చి ముందు కల్లు అడిగాడు. ఇన్నాళ్ళు ఆకలితో ఉంచావని దెప్పాడు.

"అంబలి పోసేను కాదేటి రోజూ," అంది కుంతి.

"నీళ్ళంబలి," అన్నాడు లక్ష్మణుడు. జనం నవ్వారు. బతికుండగా కూడా అతనిది అదే మాట.

కల్లు తాగాక మెత్తబడ్డాడు. కింది మడి గోడ మూల జారుతోందనీ, వానకు ముందే చూసుకోమనీ చెప్పాడు. "ఇంక నీది. నాగలి దింపు," అన్నాడు. గూడెమంతా విన్నది. జొల్లసింగిలో భూమి చేతులు మారేది అలాగే. ఇచ్చేవాడు ఇచ్చానంటాడు, పుచ్చుకునేవాడు వింటాడు, ఊరు సాక్షి. కుంతికి ఆ రోజు నుంచి పొలం వచ్చింది.

తొలకరి పడగానే గూడెంలో ఒకరిని నాగలితో సహా వెంటబెట్టుకుని మడుల దగ్గరికి వెళ్ళింది. గడ్డి లేదు. ఎవరో తగలబెట్టారు. పై మడిలో గున్నయ్య ఎడ్లు తిరుగుతున్నాయి. గున్నయ్య గట్టు మీద గొడుగు పట్టుకుని ఉన్నాడు.

ఆమెను చూసి ముందు అతనే మాట్లాడాడు. "అమ్మీ, ఇది సర్కారు లెక్కలో పడిపోనాది. అర్జీ ఎట్టేను. నా పేర రాసేరు. నాను ఎట్టకపోతే గునుపురం నుంచి ఎవుడో వచ్చీసును. ఆడు నీకు తెలిసినోడు కూడా కాడు."

"ఇప్పుడు నాదే బావూ. ఆయన సెప్పేడు."

"ఎప్పుడు?"

"మాఘంలో."

గున్నయ్య నవ్వలేదు. ఆ తంతు జరిగిన రోజున అతనికీ విస్తరి వేశారు. కొండసరుకు కోసం వచ్చినవాడు తినే వెళ్ళాడు. అప్పటికే అర్జీ పెట్టి ఉన్నాడు. "అమీనుకు సెప్పమంటే సెప్పలేదు నువ్వు," అన్నాడు. "ఇప్పుడు సెప్తే ఏటవుద్ది? ఆ రోజు నీ తరపున నేనెంత సెప్పేనో నీకూ తెలుసు." అది నిజమే. ఆమె తెలుసన్నట్టు తలూపింది. ఎద్దులు మలుపు తిరిగి ఇటు వచ్చాయి. ఆమె తెచ్చిన నాగలి మనిషి ఎటు పోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

గూడెం పెద్ద ఊరుకోలేదు. గునుపురం కచేరీ దగ్గర అర్జీలు రాసేవాడి చేత తకరారు అర్జీ పెట్టించాడు. కార్తీకంలో విచారణకు పిలుపు వచ్చింది. కుంతి, పెద్ద, ఎజ్జోడు నడుచుకుంటూ వెళ్ళారు. కచేరీలో అధికారికి సవర భాష రాదు, గుమస్తాలకూ రాదు. తెలిసినవారెవరైనా ఉన్నారా అని అడిగితే వరండాలో ఒక్కడే లేచాడు. గున్నయ్య. ఎదుటి పక్షమే దుబాసీ కావడం సరికాదని అధికారి అన్నాడు. వేరే మనిషిని తెమ్మంటే ఎవరూ లేరు. పెద్ద ఒప్పుకున్నాడు. గున్నయ్య అబద్ధం చెప్పడన్నాడు.

గున్నయ్య అబద్ధం చెప్పలేదు. ఆమె ఏమంటే అదే చెప్పాడు.

ఆ మూడు పంటకాలాలూ పొలం ఎవరు దున్నారు? ఎవరూ దున్నలేదు. ఎందుకు? లక్ష్మణుడిది కాబట్టి. లక్ష్మణుడు పోయింది ఎప్పుడు? పోయాడు కాని వెళ్ళలేదు. పొలం నీకెవరిచ్చారు? లక్ష్మణుడు. రుజువు? కుంతి ఎజ్జోడి వైపు చూపించింది. ఎజ్జోడు లేచి దండం పెట్టాడు. గుమస్తా ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అధికారి అతన్ని కళ్ళతోనే అణిచాడు.

తర్వాత గున్నయ్యకు కాక నేరుగా ఆమెకే చెబుతున్నట్టు ముందుకు వంగి మాట్లాడాడు. కొండవాళ్ళ భూమి అనుమతి లేకుండా బయటివాళ్ళకు పోకూడదని చట్టం వచ్చి ఆరేళ్ళయింది. మంచి చట్టం. ఇది నీ భూమి అయి, నువ్వు ఇతనికి అమ్మి ఉంటే, ఇవాళే రద్దు చేసి నీకు ఇప్పించేవాణ్ణి. కాని నువ్వు అమ్మలేదు. ఇతను నీ దగ్గర కొనలేదు. సర్కారు తన బంజరును ఇతనికి ఇచ్చింది. ఆ చట్టం నిన్ను కాపాడాలంటే ముందు ఇది నీదై ఉండాలి.

గున్నయ్య దాన్ని కూడా సవర భాషలో పూర్తిగా చెప్పాడు. చెబుతూ ఒకచోట ఆగి మాట వెతుక్కున్నాడు. బంజరుకు సవరలో సరైన మాట దొరకలేదు. ఎవరిదీ కాని నేల అన్నాడు.

కుంతి అప్పటిదాకా నేల చూస్తూ విన్నది. ఆ మాటకు తలెత్తింది. "ఎవరిదీ కాని నేలుంటాదా?" అని అడిగింది.

గున్నయ్య ఆ ఒక్కదాన్ని ఒడియాలోకి మార్చలేదు. అధికారి కూడా అడగలేదు. తకరారు కొట్టేశారు.

మరుసటేడు ఆషాఢంలో వాన గట్టిగా పట్టింది. కింది మడి గోడ మూల జారింది, లక్ష్మణుడు చెప్పిన చోటే. గున్నయ్య ఊరివాళ్ళు దానికి మట్టి వేసి చూశారు. నీళ్ళు కోసుకుపోయాయి. గున్నయ్య జొల్లసింగికి కబురు పెట్టాడు. గోడకూ నాట్లకూ మనుషులు కావాలన్నాడు. కొండ మీద పోడు కొట్టనివ్వడం లేదు, ఆ చోట కూడా సర్కారు గుర్తులు పడ్డాయి. కబురు విన్న మర్నాడు కుంతి దిగి వచ్చింది. జారిన రాళ్ళు ఏరి ఒడ్డున వేసుకుని, పెద్దవి అడుక్కి పేర్చడం మొదలుపెట్టింది.

కూలి రోజుకు అడ్డెడు ధాన్యం.