నీళ్ళు పోసిన ఇనుము

“ఎర్రగా కాల్చి సల్లారేక తెమ్మన్నావు. తెచ్చేను. ఇంకేటి?” అన్నాను.

“నీళ్ళు పొయ్యమన్నానేటమ్మా? సూడు, ఇనుము కోసే నా టూలు మూతి మాడిపోయింది. పొద్దుటి కన్నా ఇప్పుడే మొండికేస్తంది!” చోడవరం లేతు షాపతను మిషను ఆపేసి నా మీదికే అరిచాడు.

“నీళ్ళు పోస్తే గట్టిపడతాదేటిరా? బియ్యం నానితే మెత్తబడవా?”

“ఇనుము బియ్యం కాదు గదమ్మా!”

పక్కనున్న నా కొడుకు తల పట్టుకున్నాడు. “కొత్త కడ్డీ కొందామని మొత్తుకున్నాను. ఇన్నావా అమ్మా?”

“ఇంట్లో ఇనుము పడుంటే కొనడమేటి?”

మా గానుగలో పళ్ళచక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే లావుపాటి పిన్ను ఆ ముందురోజే విరిగింది. నరికిన చెరుకంతా కళ్ళంలో పడి ఉంది. ఎండకి రసం పులిసిందంటే బెల్లం గట్టిపడదు, ఎంత ఉడికించినా జావే. ఏడాది కష్టం అది. పశువుల పాకలో ఎన్నాళ్ళ నుంచో దాచిన పాత లారీ ఇరుసు ముక్క గుర్తొచ్చి, దాంతో కొత్త పిన్ను చేయిద్దామని పొద్దున్న పట్టుకెళితే, లేతతను ఇది చాలా గట్టిది, కాలిస్తే మెత్తబడుతుందన్నాడు. బెల్లం పొయ్యిలోనే కాల్చాను. మా దగ్గర పొయ్యిలోంచి ఎర్రగా ఏది తీసినా నీళ్ళు చల్లడమే అలవాటు, బొగ్గు మిగులుతుందని. దీని మీదా ఓ బిందెడు పోశాను. చుయ్యిమంది. నీళ్ళలో మెత్తబడనిది ఏముంటుంది?

అతను ఏదో చెప్పబోయాడు. ఒక్కో లోహం మిషను మీద ఒక్కోలా తెగుతుందట. ఇత్తడి రవ్వలా రాలిపోతుందట. అల్యూమినియమైతే టూలుకి అంటుకుపోతుందట. గ్లాసులు చేసే స్టీలైతే, కోయకుండా ఊరికే రుద్దితే ఇంకా బిగుసుకుంటుందట.

“అల్యూమినియం ఏలితో నొక్కితే సొట్టపడతాది. మెత్తంది సులువుగా తెగాల గదా?”

“అలాగని కాదమ్మా.”

“మరెలాగ?”

అతను బుర్ర గోక్కున్నాడు. “ఏమో, మిషను మీద పెడితేగాని నాకూ తెలీదు. నువ్వు మళ్ళీ కాల్చి బూడిదలో పాతిపెట్టు. తెల్లారేదాకా ముట్టుకోకు.”

“అంత మెత్తబడితే గానుగలో వంగిపోదేటి?”

“అంత మెత్తబడదు. మరీ గట్టిదే పుటుక్కున ఇరిగిపోతాది.”

నాకు ఇంకా అయోమయమైంది. గట్టిది విరగదనుకునే ఇన్నేళ్ళూ బతికాను. బండి మీద వస్తూ కొడుకుని అడిగితే “నన్నడక్కమ్మా” అన్నాడు. నేను చదివిన మూడో తరగతిలో ఇవేవీ లేవు, వాడి డిగ్రీలోనూ ఉన్నట్టు లేవు.

సాయంత్రం పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసి మళ్ళీ కాల్చాం. ఎర్రబడ్డాక వాడు దాన్ని బూడిదలోకి దొర్లించాడు. పైన ఇంకో తట్ట బూడిద కుమ్మరించాడు. నా చెయ్యి అలవాటుగా బిందె మీదికి పోయింది.

“అమ్మా! బిందె ఇలాగియ్యి!” అని లాక్కుని పాక అవతల పెట్టేశాడు. బూడిద కప్పితే మెత్తబడటమేమిటో, నీళ్ళు పోస్తే బిగుసుకోవడమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున్న తీస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. చోడవరం పట్టుకెళితే అతను లేతు మీద పెట్టాడు. ఇనప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. పొద్దెక్కేసరికి పిన్ను బిగించారు, గానుగ తిరిగింది. పైవరసలో ఎండిపోయిన చెరుకు పశువులకు వేసి, తక్కినదంతా ఆడించాం.