ఎటుకెళ్లి వచ్చిన చప్పుడు

ఆ సాయంత్రం కరీంనగర్ బస్టాండులో మంథని బస్సు కోసం కూలబడేసరికి నా ఒళ్లు హూనమైపోయింది. ఆటలాడుకునే కంప్యూటర్ కొందామని పొద్దుటి నుంచి దుకాణాలు తిరిగాను. సౌండ్ మదర్‌బోర్డులోనే వస్తుంది, అది చాలని ఒకరన్నారు. వేరే సౌండ్ కార్డు లేకపోతే ఆటలో మజా ఉండదని ఇంకొకరన్నారు. ఏదీ తేలక వట్టి చేతులతో వచ్చేశాను.

పక్కనున్న ముసలాయన బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడట. కాసేపటికి నీళ్లకోసం లేచాడు. ఎడమ వైపు నుంచి ఒక బస్సు హారన్ కొడుతూ వెనక్కి వస్తోంది. ఆయన కుడి వైపు చూస్తూ దానికే అడ్డం నడిచాడు. ఉరికి చెయ్యి పట్టి లాగాను.

"హారన్ ఇనవడలేదా తాతా?"

"ఇనవడ్డది బిడ్డా. ఎటుకెళ్లి వస్తుందో, ఏ దిక్కుదో తెల్వలే. బాయిల పేలుళ్లకు ఒక చెవి పోయింది. మనవరాలు పిలిస్తె సుత ఎక్కడున్నదోనని ఇల్లంత దేవులాడుత."

ఇద్దరం మళ్లీ కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలని నా సౌండ్ కార్డు సంగతి చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "చప్పుడు ఎటుకెళ్లి వస్తుందో తెలుస్తె సాలు బిడ్డా. జర కండ్లు మూసుకొని ఇని చూడు. ఇంక ఫికర్ చేయకు."

మరుసటి వారం దుకాణంలో వేరే కార్డు లేని కంప్యూటర్‌లో ఆట పెట్టించి, హెడ్‌ఫోన్ పెట్టుకొని కళ్లు మూసుకున్నాను. ఆటలో ఎడమ నుంచి వచ్చే అడుగుల చప్పుడు ఎడమనే వినిపించింది. కంప్యూటర్ కొన్నాను, కార్డు కొనలేదు.

అప్పటి నుంచి పెద్దవాళ్లెవరినీ వెనక నుంచి పిలవను. ఎదురుగా వెళ్లి నిలబడ్డాకే మాట్లాడతాను.