సాంబ్రాణి పొగ, ల్యాబు తలుపు

మీకు సిగ్గేసింది. అందుకే రాలేదు. పోయిన ఆదివారం మా పక్కింటి ల్యాబ్ మేడం గుండె ఆగి చనిపోయింది. ప్రొద్దుటూరు వీధుల్లోంచి పెన్న ఒడ్డుకు తీసుకుపోతుంటే వెనక నడిచినవాళ్లం గుప్పెడు మందిమి. ఆమె చేతుల్లో ప్రాణం పోసుకున్న బిడ్డలు మీ ఇంటితో కలిపి ఈ చుట్టుపక్కల ఎన్ని ఇండ్లలో ఆడుకుంటున్నారో మీకు తెలుసు. కనిపిస్తే, ఆమె మీకెట్లా తెలుసని ఎవరైనా అడుగుతారేమోనని ఇంట్లోనే ఉండిపోయారు. ఇదివరకైతే ఈ మాట అరిచి రాసేవాణ్ని. ఇప్పుడు అరిచే ఓపిక లేదు.

ఆమెది పులివెందుల. బెంగళూరులో ఏళ్ల తరబడి పనిచేసి, ఇక్కడ ఒక బంగారు అంగడి యజమాని సంతానం లేనివాళ్ల కోసం ఆసుపత్రి పెడుతున్నాడంటే వచ్చింది. అండాన్నీ వీర్యాన్నీ కలిపి, ఏర్పడిన పిండాన్ని తల్లి కడుపులోకి పంపేదాకా గాజుగిన్నెలో పెంచడం ఆమె పని. ల్యాబు గది మొత్తం తనే దగ్గరుండి కట్టించుకుంది. కిటికీలు మూయించింది. గాలి వడపోసే యంత్రం పెట్టించింది. కరెంటు పోతే ఒక్క క్షణం కూడా ఆగకుండా ఏర్పాటు చేయించింది. అంతా అయ్యాక, గోడల రంగు వాసన పిండాలకు పడదని, అది పోయేదాకా పని మొదలుపెట్టనంది. పిండాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు ఖాళీగానే నడుస్తుండేవి.

“ఏంది మేడం, ఖాళీ పెట్టెలకు కరెంటు కాలుస్తాండావు?” అన్నాడు యజమాని.

ఆమె మా ఇంటికొచ్చింది. “అన్నా, ఎవురితోనో ఒకరితో తగువు పడకపోతే నీకెట్లాగూ అన్నం అరగదు. ఆ అరిచేదేదో వచ్చి ఆయప్ప మీద అరువు.”

పోయి అరిచాను. నా అరుపు కొంత పనిచేసింది. ప్రారంభం రోజు టెంకాయ, గుమ్మడికాయ వీధిలోనే కొట్టారు. అగరుబత్తి, సెంటు, తలలో మల్లెపూలు ఏవీ మెట్లు దాటి పైకి రాలేదు. “మిషన్లు ఎవురైనా కొంటారన్నా. లోపలికి ఏవి రాగూడదో చెప్తేనే ఎవురూ ఇనరు,” అనేది.

ఆ మాట నిజమైంది. ఒక శుక్రవారం, ఆమె అన్నానికి ఇంటికొచ్చిన వేళ, యజమాని తల్లి సాంబ్రాణి ధూపం పట్టుకుని వచ్చింది. పెట్టెలో పసిబిడ్డలున్నారని ఎవరో చెప్పారట. మన ఇండ్లలో నీళ్లు పోసిన బిడ్డకు సాంబ్రాణి వేయకుండా ఉంటామా? పెద్దామె వాకిట్లో చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, ఇంక్యుబేటర్ చుట్టూ పొగ తిప్పింది. యజమాని తల్లిని ఆపేదెవరు? తలుపు తీసింది నర్సే.

పెట్టెలో ఉన్నవి జమ్మలమడుగు దగ్గర గొర్లు మేపుకునే ఒక ఇంటి కోడలి పిండాలు. ఈసారి కూడా కడుపు నిలవకపోతే కొడుక్కు మారు పెండ్లి చేస్తానని అత్త అప్పటికే సంబంధం చూసిపెట్టింది. మరునాటికి ఆ పిండాలు ఎదగడం మానేశాయి.

“ఆయమ్మ ఒంట్లోనే లోపమని చెప్పు మేడం. ఈ మాట ఈడనే ఆగిపోతాది,” అన్నాడు యజమాని.

ఆమె తిన్నగా అత్త ముందుకు పోయి కూర్చుంది. పక్కన నేనున్నాను, తోడు రమ్మంటే పోయాను.

“అవ్వా, మీ కోడలిది తప్పు కాదు. మా గదిలోకి పొగ పోనిచ్చినాం. దానివల్లే అయిందని ప్రమాణం చేయలేను. కానీ కాపాడుకోవాల్సింది మేము, కాపాడలేదు.”

“పొగకు పోతారా బిడ్డలు? మేం పెంచలేదా?”

“మీరు పెంచినోళ్లకు ముక్కుండాది, దగ్గుతారు, ఏడుస్తారు. వీళ్లకు ఇంకా ముక్కు గూడా రాలేదవ్వా.”

అత్త కోడలి వైపు తిరిగి, “లెయ్యి, అన్నం తిందువు గానీ,” అంది. మారు పెండ్లి మాట ఆ రోజుకు ఆగింది. మళ్లీ ప్రయత్నించినప్పుడు బిడ్డ నిలిచింది.

ధూపం వేసిన పెద్దామెను మేడం ఒక్క మాట అనలేదు. తలుపు తీసిన నర్సును పనిలోంచి తీసేస్తామంటే ఒప్పుకోలేదు. యజమాని మాత్రం ఆ తర్వాత ఆమె ముఖం చూసి మాట్లాడలేదు.

జమ్మలమడుగులో ఆ బిడ్డను తొట్టిలో వేసిన రోజు మేడంను పిలవలేదు. పిలిస్తే నలుగురికీ తెలుస్తుంది కదా. నాకు మండింది. “బిడ్డ బాగుందంటన్నా, చాలు. నువ్వు పోయి మంచం మీద పండుకో,” అంది. ఆమె చాలనుకుంది. నాకు చాలదు. ఆసుపత్రి వాళ్లనూ, సర్కారునూ, మిమ్మల్నీ నేను అడిగేవి ఇవి:

ల్యాబు తలుపు యజమాని తల్లి కోసమైనా తెరవకండి.

తప్పు జరిగితే ఆ ఆలుమగలకు ఆ రోజే, దాచకుండా చెప్పండి.

గొడ్రాలు అనే మాట ఇంట్లో వాడకండి. పరీక్షకు మొదట మగవాణ్ని పంపండి.

గొర్లు మేపుకునేవాళ్లు కూడా పోగలిగే సర్కారు ఆసుపత్రిలో ఇలాంటి గది కట్టండి.

బిడ్డకు ఊహ తెలిశాక నిజం చెప్పండి. మీ అమ్మ కంటే ముందే, మసక వెలుతురులో, మైక్రోస్కోపు మీదికి వంగి, ఊపిరి బిగబట్టి నిన్ను చూసిన మనిషి ఒకామె ఉండేదని చెప్పండి.